గ్రాజ్‌లో తుప్పు పట్టని తుపాకులు

ఆస్ట్రియా అంటే మనవాళ్లకి వియన్నా, సాల్జ్‌బర్గ్, ఆ తర్వాత మంచుకొండలు. గ్రాజ్ దాకా వచ్చేవాళ్లు తక్కువ. ఆ దేశంలో రెండో పెద్ద నగరం ఇదే అయినా టూర్ ప్యాకేజీల్లో దీని పేరు అరుదు. వియన్నా నుంచి రైల్లో రెండున్నర గంటలు దాటుతుంది. మధ్యలో సెమ్మరింగ్ కొండలెక్కి దిగాలి. 1854లో పూర్తయిన ఆ రైలుమార్గానికి ప్రపంచ వారసత్వ గుర్తింపు ఉంది. కిటికీ పక్క సీటు దొరికితే వదలకండి.

ఊళ్లో దిగాక అందరూ కొండమీది గడియార స్తంభం వైపు నడుస్తారు. మీరు మాత్రం హెరెన్‌గాస్సె అనే వీధిలోకి తిరగండి. మధ్యలో ట్రాములు, రెండు పక్కలా బట్టల షాపులు, కాఫీ హోటళ్లు. వాటి మధ్య 16వ నంబరు గుమ్మానికి అటూ ఇటూ రెండు రాతి విగ్రహాలు, రోమన్ల యుద్ధదేవతలు. అదే లాండెస్‌జాయ్‌గ్‌హౌస్. నోరు తిరగదు గానీ అర్థం సులువు. జాయ్‌గ్ అంటే సామాను, హౌస్ అంటే ఇల్లు. మన కొట్టుగది లాంటిదన్నమాట. కాకపోతే ఈ కొట్టుగదిలో ఉన్నవి సుమారు 32 వేల ఆయుధాలూ కవచాలూ. పాతకాలపు ఆయుధాగారాల్లో, కట్టిన చోటే సరుకుతో సహా మిగిలినవాటిలో, ఇంత పెద్దది ప్రపంచంలో ఇంకోటి లేదంటారు.

1642లో మొదలుపెట్టి రెండు మూడేళ్లలో కట్టారు. ఆంటోనియో సోలార్ అనే మేస్త్రీ పని అది. గ్రాజ్ అప్పట్లో సరిహద్దు రక్షణకి కీలకమైన ఊరు. తూర్పున, దక్షిణాన ఒట్టోమన్ తురుష్కుల సేనలు. ఎప్పుడు ఏ కబురొస్తుందో తెలీదు. కబురొచ్చాక కమ్మరిని పిలిచి తుపాకీ చెయ్యమంటే కుదరదు కదా! అందుకే స్టీరియా ప్రాంతపు జమీందార్లు, పెద్దలు కలిసి సొమ్ము పెట్టి, వేలమందికి సరిపడా సరంజామా ముందే కొని ఇక్కడ నిలవ చేశారు. అవసరం వచ్చినప్పుడు ఇవ్వడం, పని అయ్యాక వెనక్కి తీసుకుని శుభ్రం చేసి పెట్టడం. అంటే ఇది ప్రదర్శన కోసం పుట్టిన చోటు కాదు, గోడౌను. ఈ సంగతి లోపల అడుగుపెట్టగానే తెలిసిపోతుంది.

తుపాకులుండే అంతస్తులో మెట్లు ఎక్కగానే ముందు వాసన తగులుతుంది. పాత చెక్క, నూనె కలిసిన వాసన. తర్వాత కళ్లు అలవాటుపడతాయి. చెక్క నేల, చెక్క దూలాలు, చెక్క స్తంభాలు. వాటికి కొట్టిన చెక్క అరల్లో వరసలు వరసలుగా తుపాకులు. వత్తితో పేల్చేవి, ఉక్కు చక్రం తిరిగి నిప్పురవ్వ రాల్చేవి, చెకుముకి రాయివి. పిస్తోళ్లయితే బట్టల షాపులో చొక్కాల్లాగా బారుగా వేలాడుతున్నాయి. నాలుగొందల ఏళ్ల నాటి ఇనుము, చాలావరకు అద్దాల పెట్టెలు కూడా లేకుండా, చేయి చాస్తే అందేంత దూరంలో. (చాచకండి. కారణం తర్వాత చెబుతాను.) ఎర్రటి పొడి ఎక్కడైనా రాలుతోందా అని అరల కింద వంగి మరీ చూశాను. లేదు.

నేనలా వంగి చూడడానికి ఒక కారణం ఉంది. మా పెదనాన్నగారికి లైసెన్సున్న డబుల్ బ్యారెల్ తుపాకీ ఒకటుంది. తాతగారి నుంచి వచ్చింది. కోనసీమలో కొబ్బరితోట మధ్య ఇల్లు. సముద్రం ఎంతో దూరం లేదు. గాల్లోనే ఉప్పు. కోతుల మీదకీ అడవిపందుల మీదకీ ఒకప్పుడు వాడిన ఆ తుపాకీ ముప్ఫై ఏళ్లుగా పేలలేదు. దానికి తాతగారు కుట్టించిన తోలు సంచి, దాన్ని పెట్టడానికి ఇనప బీరువా. ఎన్నికలొచ్చినప్పుడల్లా స్టేషన్లో అప్పగించాలి. 2024లో మార్చి 16న కోడ్ వచ్చింది, జూన్ 4న ఫలితాలు. ఆ మధ్య ఎండలూ ఉక్కపోతా అన్నీ ఆ తోలు సంచిలోనే గడిపి ఇంటికొచ్చింది. సంచి విప్పితే గొట్టాల మీద దద్దుర్లు లేచినట్టు ఎర్రటి మచ్చలు. ఏ స్టేషనో పేరెందుకు లెండి. వాళ్ల గదిలో ఫ్యాను కూడా లేదు పాపం. ‘‘ఇంక దీన్ని సరెండర్ చేసేస్తానురా. ఇనుమే నిలవలేదు, నేనెక్కడ నిలుస్తాను?’’ అన్నారాయన. ఎనభై రెండేళ్ల మనిషి అన్న మాట, మనసులో ముల్లులా ఉండిపోయింది.

తుప్పు గురించి మనకున్న పెద్ద అపోహ, అది నీళ్లు పడితేనే వస్తుందని. చుక్క నీరు పడక్కర్లేదు. గాల్లో తేమ అరవై, అరవై అయిదు శాతం దాటితే చాలు, ఇనుము మీద కంటికి కనపడని నీటి పొర పేరుకుంటుంది. ప్రాణవాయువు ఎటూ ఉంది. ఇంక పని మొదలు. దానికి ఉప్పు తోడైతే ఆ గీత ఇంకా కిందికి జారుతుంది, ఎందుకంటే ఉప్పు తనంతట తానే గాల్లోంచి తేమ లాక్కుంటుంది. మన తీరంలో వానాకాలం తేమ ఎనభై దాటడం మామూలు సంగతి. చేతి చెమటలోనూ ఉప్పే కదా. బాగా తుడిచిన గొట్టాన్ని ఒక్కసారి వేళ్లతో పట్టుకుని వదిలేయండి, కొన్నాళ్లకు ఆ వేలిముద్ర తుప్పుగా తేలుతుంది. మ్యూజియంలో పనిచేసేవాళ్లు గ్లౌజులు లేకుండా ఆయుధం ముట్టకపోవడానికి కారణం అదే. ఇందాక చేయి చాచొద్దన్నదీ అందుకే.

మరి గ్రాజ్‌లో వాన పడదా, మంచు కురవదా? రెండూ ఉన్నాయి. ఏసీలు, తేమ లాగే యంత్రాలు లేని మూడు వందల ఏళ్లు ఈ ఇనుము ఎలా నిలిచింది? మొదటి జవాబు ఆ చెక్కే. బయట మందపాటి గోడలు, లోపలంతా చెక్క. గాల్లో తేమ పెరిగితే చెక్క పీల్చుకుంటుంది, తగ్గితే మెల్లగా వదులుతుంది. నాలుగంతస్తుల నిండా అంత చెక్క ఉంటే, లోపలి గాలి ఒక్కసారిగా చెమ్మగిల్లదు.

రెండోది, భవనంలో వెచ్చదనం పెట్టలేదు. చలికాలంలో వెళ్తే కోటు తీయాలనిపించదు. వినడానికి వింతగా ఉన్నా ఇనుముకి చలి శత్రువు కాదు, చలిలోంచి హఠాత్తుగా వెచ్చదనంలోకి రావడం శత్రువు. ఫ్రిజ్‌లోంచి తీసిన చెంబుకి చెమట పట్టినట్టే చల్లటి గొట్టానికీ పడుతుంది. ఈ భవనం ఊరితో పాటే మెల్లగా చల్లబడి, మెల్లగా వేడెక్కుతుంది. నవంబరు నుంచి మార్చి దాకా ఇక్కడ ఎవరికి వాళ్లు తిరగడానికి లేదు, గైడుతో కలిసి వెళ్లాల్సిందే. మనమందరం వదిలే ఊపిరి కూడా తేమే కదా అనిపించింది.

మూడోది మనుషులు. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. ఆయుధాగారానికి ఒక అధికారి, ఆయన కింద తుడిచేవాళ్లు, బాగుచేసేవాళ్లు, జీతాలిచ్చి పెట్టుకున్న పనివాళ్లు. పేల్చి తెచ్చిన తుపాకీని అలాగే అరలో పెడితే పాతకాలపు నల్లమందు మసి తేమ పీల్చి గొట్టాన్ని లోపల్నుంచి తినేస్తుంది. దాన్ని నూనెతో తుడిస్తే పోదు, వేడినీళ్లతో కడగాలి. ఇనుముని నీళ్లతో కడగడమేమిటి అంటారా? అవును, ఆ మసిలోని లవణాలు నీళ్లకే కరుగుతాయి. కడిగి, పూర్తిగా ఆరబెట్టి, అప్పుడు నూనె. గొలుసు కవచాలకి ఐరోపాలో ఇంకో ఉపాయం ఉండేది. పీపాలో ఇసకతో కలిపి వేసి దొర్లించేవారు.

అయితే తుడుపు కూడా మితిమీరితే నష్టమే. ఇటుకపొడి, ఇసక వేసి తళతళలాడేలా తోమించడం సైన్యాల్లో ఒక జబ్బు. తోమిన ప్రతిసారీ ఇనుము కొంత పోతుంది. అందుకే కొన్ని కవచాల్ని మెరుగు పెట్టకుండా కొలిమిలోంచి వచ్చిన నలుపుతోనే వదిలేశారు. ఆ నలుపూ ఒక రకం ఇనుప ఆక్సైడే, అంటే తుప్పుకి దూరపు చుట్టం. కాకపోతే ఎర్రతుప్పులా పొరలుగా రాలదు, ఇనుముని అంటిపెట్టుకుని కొంతవరకు కాపలా కాస్తుంది. తరువాతి కాలం తుపాకీల గొట్టాల మీద మనం చూసే నీలి నలుపు కూడా ఇదే సూత్రం. కొన్ని పద్ధతుల్లో అయితే కావాలని తుప్పు పట్టించి, మరిగే నీళ్లలో ఉడికించి దాన్ని నల్లగా మార్చి, బ్రష్షుతో దువ్వి, మళ్లీ తుప్పు పట్టిస్తారు. ముల్లుని ముల్లుతో తీయడమంటే ఇదే.

ఆ రాత్రి గ్రాజ్ నుంచి పెదనాన్నగారికి ఒక ఫొటో పంపాను. మ్యూజియంలో కొన్న పోస్టుకార్డు అది, తుపాకుల అరలది. కాసేపటికి ఫోనొచ్చింది.

‘‘ఒరే, ఒక్కటీ సంచిలో లేదేంట్రా?’’

ఆయన చూపు అలాంటిది. నేను అంతస్తంతా తిరిగి తెలుసుకున్నది ఆయన కార్డు చూసి పట్టేశారు. తోలు సంచి తుపాకీని మోసుకెళ్లడానికే, దాచడానికి కాదు. తోలు తేమ పట్టి ఉంచుతుంది. దాన్ని పదును పెట్టిన రసాయనాలు, లవణాలు కూడా ఇనుముకి పడవు. ఫోము వేసిన ప్లాస్టిక్ పెట్టెలదీ అదే కథ. గొట్టం మూతికి గుడ్డ కుక్కడం ఇంకో తప్పుడు అలవాటు, లోపలి తేమ బయటికి పోదు.

‘‘మరి వాళ్లు ఏ నూనె రాశార్రా?’’ అన్నారు. మన ఇళ్లలో దొరికేది కొబ్బరినూనె. అది కొన్నాళ్లకి ముక్కిపోయి పులుపెక్కుతుంది, ఆ ఆమ్లమే ఇనుముని పట్టుకుంటుంది. కుట్టుమిషను నూనె నయం గానీ, పల్చన కాబట్టి నెలల తరబడి నిలవదు. ఎక్కువకాలం దాచాలంటే చిక్కటి గ్రీజు లాంటి పూత కావాలి. అమెరికా సైన్యం కాస్మొలిన్ అనే పెట్రోలియం జిడ్డులో ముంచి దశాబ్దాలు దాచింది. దాన్ని వదిలించుకోవడం ఒక నరకం అంటారు కొన్నవాళ్లు. మ్యూజియాల్లో ఇప్పుడు పల్చని మైనం పూత ఎక్కువగా వాడతారు. బీరువాలో సిలికా జెల్ సంచులు పెట్టొచ్చు, అయితే అవి తేమ తాగి నిండిపోయాక ఓవెన్లో వేడిచేసి మళ్లీ పెట్టాలి. రంగు మారే రకం కొనుక్కుంటే ఎప్పుడు నిండిందో తెలుస్తుంది.

ఇవన్నీ చెబితే ఆయన విని, ‘‘అయితే దసరాకి బయటికి తీయడం మానకూడదన్నమాట’’ అన్నారు. నిజమే! ఆయుధపూజ వచ్చేది ఆశ్వయుజంలో, వానలు తగ్గుముఖం పట్టే వేళ. సంవత్సరంలో తుపాకీ విప్పి తుడవడానికి అంతకన్నా మంచి రోజు వెతికినా దొరకదు. తడి కుంకుమబొట్టు మాత్రం గొట్టానికి కాకుండా మడమ చెక్కకి పెడితే మేలు.

గ్రాజ్ ఆయుధాగారాన్ని మూసేయాలని 1749లో మహారాణి మరియా థెరీసా అనుకుంది. అప్పటికి తురుష్కుల భయం తగ్గింది, ఆ తుపాకులు పాతబడ్డాయి, సైన్యం మొత్తం వియన్నా చేతికి వచ్చింది. లెక్క ప్రకారం చూస్తే ఆవిడ అన్నదే సబబు. స్టీరియా పెద్దలు మాత్రం ఒప్పుకోలేదు. ఇది మా తాతల కష్టానికి గుర్తు, ఉండనివ్వండని విన్నవించుకున్నారు. మహారాణి సరేనంది. పనికొచ్చే రోజుల్లో తుడవడం గొప్ప కాదు, అందరూ తుడుస్తారు. ఇక ఎప్పటికీ పేలవని తెలిశాక కూడా తుడిచారు చూడండి, నాకు ఆ జీతగాళ్ల మీద గౌరవం కలిగింది అక్కడే.

తిరిగొచ్చాక కోనసీమ వెళ్లాను. తుపాకీ సరెండర్ చేయలేదు. లైసెన్సు ఇంట్లో ఎవరి పేరుకి మార్చాలన్న చర్చ నడుస్తోంది, అది తేలడానికి టైము పడుతుంది. పైపైన పట్టిన తుప్పుని నూనె వేసి, సన్నటి స్టీలు ఊలుతో ఓపిగ్గా తీయించారు. గుంటలు పడినచోట అలాగే వదిలేశారు. తోలు సంచి అటక మీదకెక్కింది. బీరువా లోపల వడ్రంగి చేత చిన్న చెక్క స్టాండు పెట్టించి, గుళ్లు లేవని రెండుసార్లు చూసుకుని, తుపాకీని తలకిందులుగా నిలబెట్టారు, మూతి కిందికి, మడమ పైకి. మామూలుగా నిలబెడితే గొట్టంలో నూనె మెల్లగా జారి మడమ చెక్కలోకి ఇంకి దాన్ని కుళ్లబెడుతుంది. మూతి కింద పాత లుంగీ గుడ్డ మడత పెట్టారు, జారిన నూనె పీల్చుకోవడానికి. ఆ గుడ్డ ప్రతి అమావాస్యకీ మారుస్తున్నారట.