మా టెలిస్కోప్ ఎవరి మాట వింటుంది?



మా హాస్టల్ గదిలో టెలిస్కోప్ రెండు నెలలు దుప్పటి కప్పుకుని పడుకుంది. పాడవలేదు. దాన్ని నడిపే ల్యాప్‌టాప్ మా సీనియర్ అన్నది. అన్నకి ఉద్యోగం వచ్చింది, ల్యాప్‌టాప్ కూడా వెళ్లిపోయింది. ఐదుగురం చందాలేసుకుని కొన్న సెకండ్ హ్యాండ్ మౌంటు, కెమెరా ఉన్నాయి గానీ వాటితో మాట్లాడటం మాలో ఎవరికీ రాదు.

అప్పుడు కూర్చుని నేర్చుకున్నాం. ఒక్కో కంపెనీ పరికరానిది ఒక్కో భాష. మన అరకు, పాడేరు సంతల్లో కువి వాళ్లు, గదబ వాళ్లు ఎవరి భాష వాళ్లదైనా ఆదివాసీ ఒడియాలో బేరమాడుకుంటారు కదా, పరికరాలకి కూడా అలాంటి ఉమ్మడి భాష కావాలి. దాన్నే స్టాండర్డ్ అంటారు.

అన్న వాడింది ఆస్కామ్. 1998లో బాబ్ డెన్నీ మొదలుపెట్టాడు. మౌంటుకి ఏ ఆదేశాలుండాలి, కెమెరాకి ఏవి ఉండాలి అన్నది ముందే రాసిపెట్టారు. చాలా కంపెనీలు దీనికి డ్రైవర్లు ఇస్తాయి, పెట్టుకోవడం సులువు. కానీ అది విండోస్ మీద పుట్టింది. ఆ డ్రైవర్లు నడవాలంటే పరికరాల పక్కన విండోస్ కంప్యూటర్ ఉండాల్సిందే.

రెండోది ఇండీ. ఎల్వుడ్ డౌనీ తయారుచేశాడు. ఇందులో నా దగ్గర ఫలానా సెట్టింగులున్నాయని డ్రైవరే చెప్పుకుంటుంది, అదీ నెట్‌వర్క్ మీద. చిన్న రాస్ప్‌బెర్రీ పై బోర్డుని టెలిస్కోప్ దగ్గర పెట్టి, గదిలో ఏ పాత ల్యాప్‌టాప్‌లోనైనా కేస్టార్స్ తెరిచి నడపొచ్చు. ఇంటర్నెట్ అక్కర్లేదు, లోకల్ వైఫై చాలు. కష్టమేంటంటే లైనక్స్ నేర్చుకోవాలి, కొన్ని పరికరాలకి డ్రైవర్ దొరకదు.

మూడోది ఆల్పాకా. ఇదీ ఆస్కామ్ వాళ్లదే. అవే ఆదేశాలు వెబ్ పేజీలు వచ్చే దారిలోనే వెళ్తాయి కాబట్టి విండోసే ఉండాలని లేదు. పైథాన్ వచ్చినవాళ్లు సొంతంగా డ్రైవర్ రాసుకోవచ్చు.

మేం ఇండీ పెట్టాం. మొదటి రాత్రి శనిగ్రహం చూపించమంటే టెలిస్కోప్ ఎదురుగా ఉన్న కొండ వైపు తిరిగింది! గంటసేపు వైర్లు పీకి పెట్టాం. చివరికి తేలిందేంటంటే, మా పాత పై బోర్డులో గడియారం లేదు. ఇంటర్నెట్ లేకపోతే దానికి టైం తెలీదు. టైం తప్పితే ఆకాశమే తప్పుతుంది. చేత్తో టైం సరిచేశాక శని వలయం కనబడింది. మా చెల్లి ఒకమ్మాయి పది నిమిషాలు కన్ను తీయలేదు.

ఆస్కామ్ చెడ్డదని మేం అనం. మంచి విండోస్ ల్యాప్‌టాప్ సొంతంగా ఉంటే అదే పెట్టుకోండి. కానీ పదిమందిదైన వస్తువు ఒక్కడి ల్యాప్‌టాప్‌లో, ఒక్కడి బుర్రలో ఉండకూడదు. అందుకే ఇప్పుడు ప్రతి సెట్టింగు నోట్‌బుక్‌లో తెలుగులో రాసి గోడకి వేలాడదీశాం. రేపు మేమూ వెళ్లిపోతాం. టెలిస్కోప్ మాత్రం మళ్లీ దుప్పటి కప్పుకోకూడదు.

మీరు కొనేటప్పుడు ఒక్క మాట అడగండి: దీనికి ఇండీ, ఆస్కామ్ డ్రైవర్లు రెండూ ఉన్నాయా? ఉంటే ఎప్పుడైనా మారొచ్చు.