చింతపండు పేరున్న ఊళ్లో ఉప్పు



మన మారిషస్ పడమటి తీరంలో తామరెన్ అనే ఊరు ఉంది. ఫ్రెంచిలోనూ క్రియోల్‌లోనూ తామరెన్ అంటే చింతపండు అని మీకు తెలుసు. కానీ ఆ ఊరికి పేరు తెచ్చింది చింతపండు కాదు, ఉప్పు. ఈ రెండూ ఉంటే మన ఇళ్లలో చారు కాగుతుంది, పచ్చడి తయారవుతుంది. అందుకే ఈసారి మిమ్మల్ని తామరెన్‌కు తీసుకువెళ్తాను.

ముందు పోర్ట్ లూయిస్‌లో ఒక్క నిమిషం ఆగుదాం. కోడాన్ వాటర్‌ఫ్రంట్‌కు మీరు చాలాసార్లు వెళ్లి ఉంటారు. ఆ పేరు ఒక మనిషిది. 1726లో ఫ్రాన్సు నుంచి వచ్చిన కోడాన్ అనే ఆయన అక్కడ సముద్రం పక్కన ఉప్పు మడి కట్టించాడు. దాని దగ్గరి పేటను ఇప్పటికీ లే సలీన్ అంటారు. లే సలీన్ అంటే ఉప్పు మడులు. నేడు అక్కడ దుకాణాలూ, భవనాలూ ఉన్నాయి. ఉప్పు పోయింది, పేరు మిగిలింది.

ఇక్కడ ఒక తెలుగు మాట నేర్చుకోండి. గట్లు కట్టి నీళ్లు నిలిపిన చిన్న పొలాన్ని మడి అంటారు. వరి పండిస్తే వరి మడి, ఉప్పు పండిస్తే ఉప్పు మడి. అవును, తెలుగులో ఉప్పు కూడా పండుతుంది. రైతు లాగే ఉప్పు చేసేవాళ్లూ "పంట" అనే అంటారు.

ఇప్పుడు బస్సు ఎక్కండి. బాంబూ ఊరు దాటి దక్షిణంగా వెళ్తుంటే గాలి వేడెక్కుతుంది, గడ్డి ఎండిపోయి కనిపిస్తుంది. క్యూర్‌పీప్‌లో గొడుగు లేనిదే బయటికి వెళ్లలేం కదా. ఇక్కడ అలా కాదు. దీవి మొత్తంలో వానలు తక్కువ పడేది ఈ వైపే. ఉప్పుకు కావలసింది అదే. ఎడమ వైపు మొనదేలిన రాంపార్ కొండ కనిపిస్తే తామరెన్ దగ్గర పడినట్టే.

మడులు నల్లరాతి గట్లతో చదరంగం బల్లలా ఉంటాయి. సముద్రపు నీటిని తోడి పై మడుల్లోకి వదులుతారు. అక్కడి నుంచి నీరు ఒక మడిలోంచి ఇంకో మడిలోకి నెమ్మదిగా దిగుతుంది. ఎండకూ గాలికీ రోజురోజుకూ చిక్కబడుతుంది. ముందుగా సున్నం లాంటి పదార్థాలు అడుగుకు చేరతాయి. నీరు దాదాపు పదో వంతుకు తగ్గాక అసలు ఉప్పు పలుకులుగా కడుతుంది. అప్పుడు పలుకులను వెంటనే తీసెయ్యాలి. నీరంతా ఇంకిపోయే దాకా ఉంచితే ఉప్పు చేదెక్కుతుంది.

ఒక లెక్క చెబుతాను. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. అందులో మనం తినే ఉప్పు 27 గ్రాములు. అంటే కిలో ఉప్పుకు దాదాపు 40 లీటర్ల నీరు ఆవిరి కావాలి. మధ్యలో పెద్ద వాన పడితే పంట కరిగిపోతుంది, పని మళ్లీ మొదటికి వస్తుంది.

ఆ ఉప్పును పోగు చేసి బుట్టలకెత్తి మోసింది ఎక్కువగా ఆడవాళ్లే. ఎండ ముదరకముందే పని మొదలుపెడతారు. కాళ్లకు రబ్బరు బూట్లు, తల మీద గుడ్డ చుట్ట, దాని మీద బుట్ట. తడి ఉప్పు ఎంత బరువో ఎత్తి చూస్తే గానీ తెలియదు.

మా మేనత్త ఇరవై ఏళ్లు ఆ పని చేసింది. తామరెన్‌లో కాదు, ఇదే తీరంలో ఇప్పుడు మూతపడిన ఇంకో చోట. ఇప్పుడామెకు ఎనభై దాటాయి. బీపీ ఎక్కువగా ఉంది, ఉప్పు తగ్గించమని డాక్టరు చెప్పారు. ఇంటికి వచ్చి నాతో అంది: "ఇరవై ఏళ్లు నెత్తిన మోశాను అమ్మాయ్. ఇప్పుడు నాలుక మీద పెట్టుకోవద్దంటున్నారు."

ఆమె నవ్వుతూనే అంది. కానీ ఆ మాటలో ఉన్న బాధ మనలో చాలా ఇళ్లకు తెలుసు. కూరలో ఉప్పు తగ్గిస్తే రుచి ఒక్కటే పోదు, మనది ఏదో పోయినట్టు ఉంటుంది. దానికి కారణం ఉంది.

మన పెద్దలు చాలామంది ఓడ ఎక్కింది గోదావరి సముద్రంలో కలిసే చోట ఉన్న కోరంగి రేవులో. అందుకే ఇక్కడ మనల్ని కోరంగీలు అన్నారు. ఆ తీరంలో ఉప్పు కళ్ల ముందే ఉండేది. కానీ 1805 నుంచి మద్రాసు ప్రెసిడెన్సీలో ఉప్పు మీద గుత్తాధికారం కంపెనీ ప్రభుత్వానిదే. ఇష్టం వచ్చినట్టు చేసుకోవడానికీ, అమ్ముకోవడానికీ వీల్లేదు. అలాంటి ఉప్పు చట్టాన్నే గాంధీగారు 1930లో దండిలో ధిక్కరించారు. ఇక్కడికి వచ్చిన కూలీలకు జీతంతో పాటు బియ్యం, పప్పు, ఉప్పు కొలిచి ఇచ్చేవారు. అంటే ఉప్పు వాళ్ల కూలిలో భాగం. "ఉప్పు తిన్న ఇంటికి ద్రోహం చేయకూడదు" అనే మాట మన పెద్దలకు ఎంత దగ్గరగా ఉండేదో ఆలోచించండి.

ఇళ్లలో ఆ గౌరవం ఇంకా ఉంది. ఉప్పు చేతికి చేతితో ఇవ్వరు, కింద పెడితే అవతలివాళ్లు తీసుకుంటారు. పిల్లలకు దిష్టి తీసేటప్పుడు గుప్పిట్లో రాళ్ల ఉప్పు ఉంటుంది. ఉగాది పచ్చడిలో ఆరు రుచుల్లో ఒకటి ఉప్పు. రోషం లేని మనిషిని "నువ్వు ఉప్పూ కారం తినడం లేదా?" అని అడుగుతారు.

కాబట్టి ఉప్పు మానేయమని నేను చెప్పను. శరీరానికి అది కావాలి. నరాలు, కండరాలు పనిచేయాలంటే సోడియం ఉండాలి. ఎంత అన్నదే ప్రశ్న. పెద్దవాళ్లకు రోజుకు 5 గ్రాముల లోపు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అది సుమారు ఒక టీస్పూను. అందులో వంటలో వేసేది ఒక్కటే కాదు, మనకు కనబడనిది కూడా లెక్కే. రొట్టెలో ఉంది, నూడుల్స్ పొట్లంలో ఉంది, మీన్ మీద పోసే సోయా సాస్‌లో ఉంది, ప్వాసోన్ సాలే రుగాయ్‌లో చెప్పనే అక్కర్లేదు. ఇక బడి బయట పిల్లలు పచ్చి మామిడికాయను దిసెల్ పిమాన్‌లో ముంచి తింటారు కదా!

ఇంకో మాట. సముద్రపు ఉప్పు మంచిది, ఎంత తిన్నా ఏమీ కాదు అని కొందరంటారు. అది నిజం కాదు. రాళ్ల ఉప్పయినా, మెత్తటి ఉప్పయినా బరువుకు బరువు సోడియం దాదాపు ఒకటే. పైగా అయోడిన్ కలపని ఉప్పులో అయోడిన్ చాలా తక్కువ. గొంతులోని థైరాయిడ్ గ్రంథికి అది అవసరం. తామరెన్ ఉప్పు కొనండి, కానీ ఇంట్లో అయోడిన్ ఉన్న ఉప్పూ ఉంచండి. పొటాషియం కలిపిన ఉప్పు వాడాలనుకుంటే, ముఖ్యంగా మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లు, ముందు డాక్టరును అడగండి.

మా అత్త ఏం చేసిందో చెబుతాను. చారులో చింతపండు కాస్త పెంచింది. ఇంగువ, జీలకర్ర, మిరియాలు, దొడ్లోని కరివేపాకు దండిగా వేసింది. ఉప్పు మాత్రం సగమే, అదీ దించే ముందు. పులుపు ఉంటే ఉప్పు తక్కువైనట్టు నాలుకకు అంతగా తెలియదు. మొదటి వారం మొహం చిట్లించింది. నెల తిరిగేసరికి మా ఇంటి కూర "ఉప్పు కషాయం" అని పేరు పెట్టింది. మాత్రలు మాత్రం మానలేదు, మానకూడదు కూడా.

మీరు తామరెన్‌కు వెళ్తే పొద్దున్నే వెళ్లండి. టోపీ, మంచినీళ్లు మరిచిపోకండి. అక్కడ పనిచేసే ఆడవాళ్లు కనిపిస్తే ముందు పలకరించండి. వాళ్లు సరేనంటేనే ఫొటో తీయండి. మడిలో కాలు పెట్టకండి, అది వాళ్ల పంట. పిల్లలను తప్పకుండా తీసుకువెళ్లండి. ఒక రాయి ఉప్పు వాళ్ల అరచేతిలో పెట్టి, దీన్ని క్రియోల్‌లో ఏమంటారో, తెలుగులో ఏమంటారో అడగండి. దిసెల్ అని వెంటనే చెబుతారు. ఉప్పు అని కూడా చెప్పించండి. ఇంటికి వచ్చాక ఒక టీస్పూనుతో కొలిచి, ఒక మనిషికి ఒక రోజుకు ఇంతే అని వాళ్లకు చూపించండి.