చాపలు పరిచే చేతులు



ఆదివారం మనం మందిరానికి వచ్చేసరికి నేల ఊడ్చి ఉంటుంది, చాపలు పరిచి ఉంటాయి, గుమ్మం పక్కన కుండ నిండా మంచినీళ్లుంటాయి. ఆ పని ఎవరు చేస్తున్నారో మనకు తెలుసు. తెలిసినా ఆమెను గురించి ఎన్నడూ ఆలోచించలేదు.

కిందటి నెల ఒక ఆదివారం చాపలు పరిచి లేవు. "ఇవాళ చాపలెవరూ వేయలేదేం?" అని విసుక్కున్నాం. రెండో ఆదివారమూ అంతే. ఆరాధన అయ్యాక ఒక చెల్లెలు అంది, "మామ్మ కనబడడం లేదు అయ్యగారూ" అని.

వెళ్లి చూస్తే పది రోజులుగా జ్వరం. మమ్మల్ని చూసి లేవబోయింది. జ్వరం సంగతి చెప్పలేదు. "చాపలెవరు వేశారయ్యా?" అని అడిగింది. మాకు నోట మాట రాలేదు. చాపలు లేవని చూశాం గానీ, మనిషి లేదని చూడలేదు.

మరుసటి ఆదివారం మేమే ముందుగా వెళ్లి చాపలు తీశాం. చిరిగిన అంచులన్నీ పురికొసతో కుట్టి ఉన్నాయి. మన ఫ్యాన్ల మీద ఇచ్చినవారి పేర్లున్నాయి. చాపల మీద ఏ పేరూ లేదు.

అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయంలో యొప్పే ఊరి తబితాను చూస్తాం. ఆమెకే దొర్కా అని పేరు. ఆమె బోధించినట్టు అక్కడ ఒక్క మాటా లేదు. అయినా వాక్యం ఆమెను శిష్యురాలు అంటుంది. ఆమె చనిపోతే విధవరాండ్రు ఏడుస్తూ, ఆమె కుట్టిన అంగీలను, బట్టలను పేతురుకు చూపించారు. ఆమె పరిచర్యకు సాక్ష్యం ఆ కుట్లే.

యొప్పేవారు ఆమె చనిపోయాక ఏడ్చారు. మన మామ్మను దేవుడు మనకింకా ఉంచాడు. ఇది మనకు ప్రభువు ఇచ్చిన సమయం.

ఆమె పేరు మైకులో చెబుదామంటే వద్దంది. అందుకే ఇక్కడా రాయడం లేదు. ఇప్పుడు మన యవ్వనస్థులు వంతులవారీగా చాపలు వేస్తున్నారు, సంతోషం. కాని ప్రియులారా, పని పంచుకోవడం ఒక్కటే చాలదు. ఈ వారం ఎవరు రాలేదో చూడండి. వారింటికి వెళ్లండి, కాస్త జావ కాచి ఇవ్వండి, కాసేపు కూర్చోండి. ప్రభువు పేరట ఇచ్చిన గిన్నెడు చన్నీళ్లను కూడా ఆయన మరచిపోడని మత్తయి 10వ అధ్యాయం చివర మనం చదువుతాం.

ప్రభువు మిమ్మును దీవించును గాక. ఆమేన్.