మూడు రంగుల బుట్టలు

పొద్దున్నే సందు చివర ఈల వినపడగానే మా వరస ఇళ్లన్నీ బుట్టలు పట్టుకుని గుమ్మంలోకి వస్తాయి. నిన్న మా వీధికి వచ్చే చెత్త బండి అమ్మ చూపుడువేలికి గుడ్డపీలిక కట్టుకుని ఉంది. "ఏమైందమ్మా?" అంటే, "గాజుముక్కండి, అన్నం మెతుకుల్లో కనపళ్లేదు" అంది. ఆ మాట ఇంకా మనసులోంచి పోవట్లేదు.

2021 అక్టోబరు 2న మన బెజవాడలోనే క్లీన్ ఆంధ్రప్రదేశ్ (క్లాప్) కార్యక్రమం మొదలైంది. చెత్త ఇలా కలిపేయకుండా వేరు చేసి ఇవ్వడానికి ఇంటింటికీ మూడు బుట్టలిచ్చారు. ఆకుపచ్చది తడికి, నీలంది పొడికి, ఎర్రది ప్రమాదకరమైన వాటికి. తర్వాత చెత్త పన్ను గొడవ. 2024 అక్టోబరు 2న బందరులో ఆ పన్ను రద్దన్నారు. మంచిదే. కానీ ఆ బుట్టలేమయ్యాయి? చాలా ఇళ్లలో ఒకటి బియ్యానికి, ఒకటి బట్టలకి!

తడి చెత్త విడిగా వెళ్తే ఎరువవుతుంది. ప్లాస్టిక్ కవర్లో ముడేసి పడేస్తే కుళ్లి కంపు కొడుతుంది, అంతే. పైగా ఆ ముడి విప్పాల్సింది ఆ బండి అమ్మ చేతులే. బెజవాడను ముంచిన బుడమేరు వరదప్పుడు సింగ్ నగర్ వీధుల్లో తడిసిన పరుపులు, బురద ఎత్తిపోసింది కూడా ఇలాంటి చేతులే కదండీ.

పగిలిన గాజు, బ్లేళ్లు, సూదులు మందపాటి కాగితంలో చుట్టి విడిగా ఇవ్వండి. ఇచ్చేటప్పుడు "జాగ్రత్తమ్మా, గాజుంది" అని ఒక్క మాట చెప్పండి.