రెండేళ్ళు రాడ్డే బిగించాను

పోయిన పంటకి వడ్ల ట్రక్కుతో చెరువుకట్ట దిగుతుంటే జరిగింది రాస్తున్నాను. పాత బండి ఉన్నవాళ్ళు ఓపిగ్గా చదవండి.

మాది మాసీ 35. 1994లో మా నాన్న సెకండ్ హ్యాండులో కొన్నాడు. ఇంజను ఇప్పటికీ మాట వింటది. బ్రేకులే రెండేళ్ళుగా కిందకి పోతున్నాయి. పోయినప్పుడల్లా పానా తీసుకుని రాడ్డు నాలుగు చుట్లు బిగించేవాణ్ణి. పెడలు మళ్ళీ పైకొచ్చేది, బాగైపోయింది అనుకునేవాణ్ణి. చివరికి రాడ్డుకి బిగించడానికి మర కూడా మిగల్లేదు. డ్రమ్ము విప్పిన పాపాన పోలేదు.

ఆ రోజు నలభై బస్తాలు. దిగుడులో బ్రేకు తొక్కితే కుడిది పట్టింది, ఎడమది పట్టలేదు. బండి కుడికి, చెరువు వైపు లాగేసింది. వెనక నుంచి ట్రక్కు నెడుతోంది. మడ్‌గార్డు మీద మా తమ్ముడి కొడుకు కూర్చుని ఉన్నాడు. బ్రేకు వదిలేసి స్టీరింగు ఎడమకి తిప్పాను. చిన్న గేరులో ఉన్నాను గనక ఇంజనే ఆపింది. ముందు చక్రం కట్ట అంచు రాళ్ళకి తగిలి నిలబడింది. పిల్లాడు దిగి, ఒక్క మాట మాట్లాడకుండా ఇంటికి నడిచి వెళ్ళిపోయాడు. వాణ్ణి అక్కడ కూర్చోబెట్టుకున్నదీ నేనే. అరగంట చింతచెట్టు కింద కూర్చుండిపోయాను.

మర్నాడు టైరు విప్పాం. టైర్లో నీళ్ళున్నాయి, ముగ్గురం పట్టాల్సొచ్చింది. ముందు చక్రాలకి రాళ్ళు పెట్టి, ఇరుసు కింద జాకీతో పాటు తుమ్మ మొద్దులు పెట్టాం. ఒక్క జాకీని నమ్మి ఎవరూ కిందకి దూరొద్దు. డ్రమ్ముకి ఉండేవి రెండే స్క్రూలు, అవీ తుప్పు పట్టి బిగుసుకుపోయాయి. రాత్రంతా డీజిలు పోసి ఉంచితే పొద్దున కదిలాయి. అయినా డ్రమ్ము రాలేదు. అరిగిన డ్రమ్ము అంచున గట్టు పడుతుంది, అది షూలకి తట్టుకుంటుంది. ముందు అడ్జస్టరు వదులు చేయాలి. అది తెలీక గంటసేపు సుత్తితో కొట్టాం.

ఎడమ పక్క ఇరుసు ఆయిల్ సీలు పోయి, గేరు నూనె లైనరు మీద కారింది. నల్లగా జిగురు జిగురుగా ఉంది. ఇక రాడ్డు ఎంత బిగిస్తే ఏం లాభం? కుడిది పట్టింది కదా, అదన్నా బాగుందేమో అనుకున్నా. విప్పితే లైనరు రివిట్ల దాకా అరిగిపోయి, రివిట్లు డ్రమ్ముని గీసేశాయి. అది పట్టిందంటే ఇనుము ఇనుముని పట్టిందన్నమాట.

లోపలి దుమ్ము నోటితో ఊదకండి, గాలి కొట్టకండి. పాత లైనర్లలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, ఊపిరితిత్తులకి చాలా చెడ్డది. తడిగుడ్డతో తుడవండి.

నూనె పట్టిన షూలు పెట్రోలుతో కడిగి కాలుద్దాం, ఇంకో ఏడాది లాగుద్దాం అన్నాను. మెకానిక్ కుర్రాడు నవ్వాడు. "బాబాయ్, పైనే ఆరుద్ది. వేడెక్కితే లోపలి నూనె మళ్ళీ బయటికొస్తది" అన్నాడు. ముందు సీలు మార్చాం. తర్వాత రెండు పక్కలా కొత్త లైనర్లు కొట్టించాం. ఒక పక్కే మారిస్తే మళ్ళీ అదే లాగుడు. డ్రమ్ములు లేతు మీద సన్నగా తీయించాం.

సర్దేటప్పుడు చక్రం లేపి ఉంచి, అది తిరగనంత బిగించి, తర్వాత తేలిగ్గా తిరిగేదాకా కొంచెం కొంచెం వదలాలి. ఆపైన ట్రక్కు లేకుండా, ఖాళీ రోడ్డు మీద నెమ్మదిగా తొక్కి చూడాలి. మాది మూడోసారికి తిన్నగా ఆగింది.

ఇంకోటి. రెండు పెడళ్ళు కలిపే కొక్కెం నా బండికి ఎప్పుడో ఊడిపోతే కట్టుతీగతో కట్టి నడిపాను. దుక్కిలో మలుపుకి పెడళ్ళు విడిగా ఉండాలి, నిజమే. రోడ్డెక్కితే మాత్రం కలిపే ఉండాలి. ఇప్పుడు వెల్డింగు షాపులో కొత్త కొక్కెం చేయించాను. ట్రక్కుకి ఎటూ బ్రేకు లేదు గనక, దిగుడుకి ముందే చిన్న గేరులో వేసుకుంటున్నాను.

కుడి డ్రమ్ము ఇంకోసారి లేతుకి ఆగదన్నాడు, పల్చబడిపోయిందట. పాత సామాన్ల కొట్లలో ఎక్కడైనా మాసీ 35 డ్రమ్ముల జత కనబడితే నాకు చెప్పండి.