గోడ గడియారం వెనుక ఉన్న విద్య

ఐదు పూటల నమాజు వేళలను ఎర్రని అంకెలలో చూపే గడియారం నేడు దాదాపు ప్రతి మస్జిదు గోడ మీదా కనిపిస్తుంది. దాన్ని చూసి ముఅజ్జిన్ అజాన్ ఇస్తాడు. దాన్ని చూసి మనం సఫ్‌లలో నిలబడతాం. అయితే ఆ పెట్టె లోపల ఏముందో, ఈనాటి అస్ర్ వేళను అది ఎలా లెక్కించిందో చెప్పగలవారు మన జమాఅత్‌లలో ఎందరున్నారు? అది చెడిపోతే మరొకటి కొని తగిలిస్తాం. అంతటితో మన బాధ్యత తీరిందనుకుంటాం.

ఒకప్పుడు పరిస్థితి ఇలా లేదు. క్రీ.శ. 14వ శతాబ్దంలో డమాస్కస్ నగరంలోని ఉమయ్యద్ జామె మస్జిదులో ఇబ్నుష్షాతిర్ అనే ఖగోళ పండితుడు మువఖ్ఖిత్‌గా, అంటే నమాజు వేళలను నిర్ణయించే బాధ్యుడిగా ఉండేవారు. 1371 ప్రాంతంలో ఆ మస్జిదు కోసం ఆయన ఒక నీడ గడియారాన్ని రూపొందించారు. అంతకు పూర్వం 1206లో అల్ జజరీ నీటి గడియారాలు మొదలైన అనేక యంత్రాల నిర్మాణాన్ని, చదివినవాడు తన చేతులతో తిరిగి చేసుకోగలిగేంత వివరంగా, బొమ్మలతో సహా గ్రంథస్థం చేశారు.

పూర్వీకుల పేర్లు చెప్పుకొని గర్వించడానికి మేము ఈ ప్రస్తావన తీసుకురాలేదు. నమాజు వేళకు సంబంధించిన షరీఅత్ జ్ఞానం, ఆ వేళను కొలిచే సాధనాన్ని తయారు చేసే నైపుణ్యం ఆనాడు ఒకే మనిషిలో కలిసి ఉండేవి. నేడు అవి విడిపోయాయి. మొదటిది మదరసాలో ఉంది, రెండవది ఇంజనీరింగ్ కళాశాలలో ఉంది. ఆ రెంటినీ మళ్ళీ దగ్గరకు చేర్చే ఒక చవకైన మార్గం మన పిల్లల ముందు ఉంది. దాన్ని పరిచయం చేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

అరచేతిలో ఇమిడే యంత్రం

మైక్రోకంట్రోలర్ అంటే ఒకే చిప్‌లో ఇమిడిన చిన్న కంప్యూటర్. దానికి తెర ఉండదు, కీబోర్డు ఉండదు. మనం రాసిన ఆదేశాలను దాచుకొని, కరెంటు ఉన్నంతసేపూ వాటిని ఒకదాని తర్వాత ఒకటిగా పాటిస్తూ ఉంటుంది. మన ఇళ్ళలోని వాషింగ్ మెషీన్‌ను నడిపేది ఇటువంటి చిప్పే. ఈ చిప్‌ను తీగలు సులువుగా తగిలించుకునే విధంగా ఒక చిన్న పలక మీద అమర్చితే దానినే బోర్డు అంటారు.

2005లో ఇటలీలోని ఇవ్రియా పట్టణంలో, ఇంజనీరింగ్ చదవని విద్యార్థులకు కూడా అందుబాటులో ఉండాలని ఆర్డుయినో అనే బోర్డు రూపుదిద్దుకుంది. దాని నమూనాలలో ప్రసిద్ధమైన ఊనోలో ప్రోగ్రాం కోసం ఉన్న స్థలం కేవలం 32 కిలోబైట్లు, పనిచేసేటప్పుడు వాడుకునే జ్ఞాపకం 2 కిలోబైట్లు. జేబులోని ఫోనుతో పోలిస్తే ఇది లెక్కలోకి రాదు. అయినా సంవత్సరం పొడవునా ఐదు పూటల వేళలు లెక్కించడానికి ఇది చాలు. దీని నమూనా పటాలను అందరికీ బహిరంగం చేసినందువల్ల ఎన్నో సంస్థలు అదే బోర్డును తయారు చేసి కొన్ని వందల రూపాయలకే అమ్ముతున్నాయి. 2021 జనవరిలో బ్రిటన్ నుండి రాస్ప్‌బెర్రీ పై పికో అనే బోర్డు 4 డాలర్ల ధరతో వెలువడింది. వైఫై కూడా కావాలంటే ఈఎస్పీ32 ఉంది. హైదరాబాదు వాసులకు ఇటువంటి సామగ్రి కోఠీలోని గుజరాతీ గల్లీలో దొరుకుతుంది.

ఒక పెద్దాయన సందేహం

మా మదరసాలో ఈ పని తలపెట్టినప్పుడు కమిటీలోని ఒక పెద్దాయన మమ్మల్ని పక్కకు పిలిచి, “మౌలానా సాబ్, తల్లిదండ్రులు పిల్లల్ని ఖుర్‌ఆన్ చదువు కోసం పంపారు. ఈ తీగల పని నేర్పడానికి ఐటీఐలు ఉన్నాయి కదా” అన్నారు.

ఆయన ఆందోళన నిరాధారమైనది కాదు. హిఫ్జ్ చేసే పిల్లవాడి మనసు చెదిరితే నెలల తరబడి చేసిన శ్రమ నీరుగారిపోతుంది. అందుకే సబఖ్ వేళలను మేము ముట్టుకోలేదు. హిఫ్జ్ పూర్తి చేసి ఆలిమ్ కోర్సులో ఉన్నవారిలో ఇష్టపడిన ఆరుగురికి మాత్రమే, అదీ వారానికి రెండు రోజులు, అస్ర్‌కూ మగ్రిబ్‌కూ మధ్య ఉండే ఆటవిడుపులో ఈ తరగతి పెట్టాం. మా జమాఅత్‌కు చెందిన ఒక ఇంజనీరింగ్ విద్యార్థి వచ్చి నేర్పుతాడు. మేము కూడా పిల్లలతో పాటు చాప మీద కూర్చొని విన్నాం. మొత్తానికి కొన్నవి రెండు బోర్డులు, ఒక బ్రెడ్‌బోర్డు, కొన్ని తీగలు, చిన్న దీపాలు. కంప్యూటర్ ఒకరు వాడి పక్కన పెట్టిన పాతది.

తొలి మెట్లు

మొదటి రోజు పాఠం ఒక్కటే: ఒక ఎల్‌ఈడీ దీపాన్ని సెకను వెలిగించి, సెకను ఆర్పడం. దీపానికి వరుసలో 220 లేదా 330 ఓమ్‌ల రెసిస్టర్ తప్పక ఉండాలి. లేకుంటే మితిమీరిన విద్యుత్తు ప్రవహించి దీపమో, బోర్డు కాలో పాడవుతుంది. ప్రోగ్రాం నాలుగైదు వాక్యాలే.

కొత్తవారిని ఎక్కువగా నిరుత్సాహపరిచేది ఈ పాఠం కాదు, కేబుల్. కొన్ని యూఎస్‌బీ కేబుళ్ళలో ఛార్జింగ్ తీగలు మాత్రమే ఉంటాయి, సమాచారం మోసే తీగలు ఉండవు. అప్పుడు బోర్డు మీద దీపం వెలుగుతుంది గాని కంప్యూటర్ దాన్ని గుర్తించదు. బోర్డు చెడిపోయిందని భావించి మూలన పడేసే ముందు కేబుల్ మార్చి చూడాలి. చవక బోర్డులలో చాలావాటికి సీహెచ్340 అనే డ్రైవరును కంప్యూటర్‌లో ఎక్కించవలసి రావచ్చు. మరొక జాగ్రత్త: ఊనో 5 వోల్టులతో పనిచేస్తుంది, పికో, ఈఎస్పీ32 బోర్డుల కాళ్ళు 3.3 వోల్టులవి. వాటికి 5 వోల్టులు తగిలిస్తే అవి చెడిపోవచ్చు. ఇక గోడ ప్లగ్గులోని 230 వోల్టుల జోలికి పిల్లలు ఎంతమాత్రం పోకూడదు.

ఇంత చిన్న పాఠంలో మేము గమనించింది ఒకటుంది. బోర్డుకు మొహమాటం లేదు. చుక్క తప్పినా, బ్రాకెట్ మరచినా అది పనిచేయదు. తజ్వీద్‌లో ఒక్క హర్కత్ మారితే అర్థం మారిపోతుందని ఏళ్ళ తరబడి విన్న మా పిల్లలకు ఈ క్రమశిక్షణ కొత్తగా అనిపించలేదు.

రెండు విద్యలు కలిసిన చోటు

మూడో నెలలో నమాజు వేళల గడియారం మొదలుపెట్టాం. సూత్రాలన్నీ రాసుకొచ్చిన ఆ ఇంజనీరింగ్ యువకుడు ఒకచోట ఆగిపోయాడు. “అస్ర్‌కు నీడ ఒకింతలు తీసుకోవాలా, రెండింతలా? ఫజర్‌కు సూర్యుడు క్షితిజం కింద ఎన్ని డిగ్రీలలో ఉండాలి?” అని పిల్లలను అడిగాడు.

ఆ ప్రశ్నకు జవాబు కంప్యూటర్‌లో లేదు, పిల్లల దగ్గర ఉంది. మిట్టమధ్యాహ్నపు అసలు నీడను మినహాయించి, వస్తువు నీడ దాని ఎత్తుకు రెండింతలైనప్పుడు అస్ర్ ప్రవేశిస్తుందని హనఫీలు, ఒకింతలైనప్పుడే ప్రవేశిస్తుందని షాఫయీలు అనుసరిస్తారని వారు వివరించారు. మన ప్రాంతంలో చాలామంది పాటించే కరాచీ పద్ధతిలో ఫజర్‌కూ ఇషాకూ 18 డిగ్రీలు తీసుకుంటారని మేము చెప్పాం. మగ్రిబ్‌కు మాత్రం కొత్త విషయం అతడు చెప్పాడు. గాలి పొరలు కాంతిని వంచుతాయి, సూర్యబింబానికి వెడల్పు ఉంది. కాబట్టి లెక్కలో సూర్యుని కేంద్రం క్షితిజానికి 0.833 డిగ్రీలు దిగువకు చేరినప్పుడే అస్తమయం అయినట్టు తీసుకోవాలి. ఆ సాయంత్రం ఎవరు ఉస్తాదో, ఎవరు శిష్యుడో చెప్పడం కష్టమైంది.

జుహర్ లెక్క అన్నిటికంటే రుచికరమైనది. మన దేశ ప్రామాణిక కాలం కాకినాడ సమీపంగా సాగే 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశానిది. హైదరాబాదు దానికి సుమారు 4 డిగ్రీలు పడమరన ఉంది. భూమి ఒక డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు పడుతుంది గనుక ఇక్కడ సూర్యుడు 16 నిమిషాలు ఆలస్యంగా నడినెత్తికి వస్తాడు. భూకక్ష్య సంపూర్ణ వృత్తం కానందువల్ల, భూమి అక్షం వంగి ఉన్నందువల్ల మరికొంత తేడా వస్తుంది. అందుచేత హైదరాబాదులో మిట్టమధ్యాహ్నం నవంబరు మొదటి వారంలో 12 గంటలకూ, ఫిబ్రవరి రెండో వారంలో దాదాపు 12.30కీ అవుతుంది. గడియారంలో 12 అయింది గనుక జవాల్ అయిపోయిందనుకునేవారు ఇది గమనించాలి.

లెక్క సరైనదేనా అని పరీక్షించడానికి ఫిఖ్హ్ పాఠాలలో ప్రస్తావనకు వచ్చే దాయిరయె హిందియ్యాను, అంటే ‘భారతీయ వృత్తా’న్ని ఆవరణలో గీశాం. వృత్తం నడుమ కర్రను నిటారుగా నిలిపి, ఉదయం నీడ కొన వృత్తంలోకి ప్రవేశించిన చోటు, మధ్యాహ్నం తర్వాత బయటికి వెళ్ళిన చోటు గుర్తించాలి. ఆ రెంటికీ సరిగ్గా మధ్య బిందువు నుండి కర్ర దాకా గీసినదే ఉత్తర దక్షిణ రేఖ. మరునాడు నీడ ఆ రేఖ మీద పడిన క్షణాన పిల్లలు బోర్డు వైపు చూశారు. అది ఫిబ్రవరి నెల. బోర్డు చూపిన వేళకూ నీడకూ తేడా నిమిషం కూడా లేదు. “ఉస్తాద్, ఈ పాఠం కిందటేడు చదివాం గాని ఇప్పుడే అర్థమైంది” అన్నాడొక విద్యార్థి.

కరెంటు పోయినా సమయం తప్పకుండా ఉండడానికి డీఎస్3231 అనే గడియారపు చిప్‌ను, నాణెమంత బ్యాటరీని జోడించాం. సాధారణ వాతావరణంలో దాని తేడా ఏడాదికి సుమారు ఒక నిమిషానికి మించదు. అయినా పిల్లలు చేసిన గడియారాన్ని ఆధారం చేసుకొని మస్జిదు సమయాలను మార్చలేదు. ఉలమాల ఆమోదం పొందిన పట్టికే ప్రమాణం. ఇది నేర్చుకోవడానికి చేసిన సాధనం.

వంద గొంతుల తరగతి

మైక్రోకంట్రోలర్ తర్వాత ఎఫ్‌పీజీఏ అనే మరో మెట్టుంది. ఈ తేడాను పిల్లలకు మా తరగతి గది ఉపమానంతోనే చెప్పాం. ఉస్తాద్ ఒక్కొక్కరినే పిలిచి సబఖ్ వినడం మైక్రోకంట్రోలర్ పద్ధతి. హిఫ్జ్ గదిలో పిల్లలందరూ ఒకేసారి, ఎవరి సబఖ్ వారు చదవడం ఎఫ్‌పీజీఏ పద్ధతి. అందులో మనం ఆదేశాల వరుస రాయము. చిప్‌లోని వేలాది చిన్న తర్క గడులను ఎలా కలపాలో రాస్తాం. అంటే యంత్రం స్వరూపాన్నే మనం నిర్ణయిస్తాం. అవన్నీ ఒకే గడియారపు చప్పుడుకు ఏకకాలంలో అడుగు వేస్తాయి. 1985లో జైలింక్స్ సంస్థ తొలి ఎఫ్‌పీజీఏను విడుదల చేసింది. చాలాకాలం అవి విద్యార్థులకు అందని ధరలో ఉండేవి. నేడు టాంగ్ నానో 9కె వంటి చిన్న బోర్డు రెండు మూడు వేల రూపాయలకు లభిస్తుంది. అందులో అటువంటి గడులు 8,640 ఉన్నాయి.

తొందరపడి దీనితోనే మొదలుపెట్టరాదని మా సలహా. ముందు వెరిలాగ్ భాషను ఐకారస్ వెరిలాగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో, బోర్డు లేకుండానే కంప్యూటర్‌లో అభ్యసించాలి. మా విద్యార్థులలో ఇద్దరే ఇక్కడి దాకా వచ్చారు. వారు చేసింది తస్బీహ్ లెక్కించే యంత్రం. ఆ బోర్డుపై ఆరు దీపాలుంటాయి. ద్విసంఖ్యామానంలో వాటితో 63 వరకు చూపవచ్చు. 33 వచ్చేసరికి మొదటి దీపం, చివరి దీపం మాత్రమే వెలుగుతాయి. అయితే తొలిరోజు బటన్ ఒకసారి నొక్కితే మూడో నాలుగో లెక్క పడింది. నొక్కినప్పుడు లోపలి లోహపు రేకు క్షణకాలం ఎగిరెగిరి తాకడమే కారణం. బోర్డు గడియారం సెకనుకు 2 కోట్ల 70 లక్షల సార్లు కొట్టుకుంటుంది. కాబట్టి 5 లక్షల 40 వేల చప్పుళ్ళు, అంటే 20 మిల్లీ సెకన్లు, బటన్ నిలకడగా ఉంటేనే లెక్కించమని రాశారు. దానితో లెక్క కుదిరింది.

ఇళ్ళలో ఏం చేయవచ్చు?

మా వద్ద బాలికల విభాగం లేదు. అయినా ఈ విద్య ఒక అమ్మాయికి చేరింది. ఒక విద్యార్థి సెలవులకు ఇంటికి తీసుకెళ్ళిన బోర్డును అతని అక్క పట్టుకుంది. పదో తరగతితో చదువు ఆగిపోయిన అమ్మాయి ఆమె. మనిషి చెవికి వినిపించని ధ్వనిని పంపి, తిరిగి రావడానికి పట్టిన కాలాన్ని బట్టి దూరం చెప్పే హెచ్‌సీ-ఎస్‌ఆర్04 అనే పరికరంతో, ట్యాంకు నిండగానే మోగే గంటను తయారు చేసింది. ప్రతి ఉదయం ఆ ఇంటి మేడ మీది నుండి వీధిలోకి పారే నీరు ఆగిపోయింది. దైవప్రవక్త (స) ఒక ముద్, అంటే సుమారు దోసెడు నీటితో వుజూ చేసేవారని హదీసులు తెలుపుతున్నాయి. అటువంటి ప్రవక్తను అనుసరించే ఇంటికి ఇంతకంటే తగిన యంత్రం ఏముంటుంది?

కొన్నాళ్ళకు ఆ అమ్మాయి తండ్రి మా దగ్గరకు వచ్చాడు. “మౌలానా సాబ్, పాలిసెట్ రాస్తానంటోంది. రాయించమంటారా?” అని అడిగాడు. రాయించమన్నాం. హిజాబుతో, గౌరవంతో చదువుకోగల బాలికల పాలిటెక్నిక్‌లు ఉన్నాయని కూడా చెప్పాం. ఆ సందేహంతో ఇంకా ఎందరు తండ్రులు ఆగిపోయి ఉన్నారో అల్లాహ్‌కే తెలుసు.

తల్లిదండ్రులకు మా మనవి ఇది. పదుల కొద్దీ పరికరాలున్న పెద్ద కిట్ కొనకండి. వాటిలో అధికభాగం డబ్బాలోనే మిగిలి దుబారా అవుతుంది. ఒక బోర్డు, ఒక మంచి కేబుల్, పది తీగలు చాలు. అదీ కొనలేకపోతే వోక్వి వంటి ఉచిత సాధనంలో తెర మీదే అభ్యసించవచ్చు. ఇంటికో, మస్జిదుకో ఉపయోగపడే ఒక్క పనిని ఎంచుకొని దాన్ని పూర్తి చేయించండి. ఇంతమాత్రాన ఉద్యోగం వస్తుందని మేము ఆశ పెట్టము. ఇది తొలి మెట్టు మాత్రమే. కాని ఆ మెట్టు మీద నిలబడిన పిల్లవాడు గోడ మీది గడియారాన్ని చూసి, “ఈ వేళ ఎందుకు?” అని అడుగుతాడు. జవాబు కోసం గ్రంథాన్నీ తెరుస్తాడు, పెట్టెనూ తెరుస్తాడు.

మన సంతానానికి ప్రయోజనకరమైన జ్ఞానాన్ని, దానిని మేలుకే వినియోగించే సద్బుద్ధిని అల్లాహ్ ప్రసాదించుగాక. ఆమీన్.