నీటి జాడ

ఇంటిలోని వస్తువులన్నింటిలో వంటింటి అలమారకు ఓర్పు ఎక్కువ. ఆవిరిని, పొగను, నూనెచేతులను అది నిత్యము సహించుచుండును. నిలిచిన తడిని మాత్రము ఎంతోకాలము సహింపజాలదు.

మొయినాబాదులోని మా ఇంట తాతగారు చేవెళ్లలో చేయించిన టేకు అలమార యొకటి కలదు. చీమలు పట్టకుండుటకు అమ్మ దాని నాలుగు కాళ్లను నీటిగిన్నెలలో నిలిపియుంచెడిది. 2020వ సంవత్సరము అక్టోబరులో కురిసిన భారీ వర్షములకు దాని వెనుక గోడ చెమ్మగిల్లినది. కొన్ని నెలలకు అడుగుపలక ఉబ్బినది, తలుపు మూతపడలేదు, ఒక కాలు మెత్తబడినది.

“దీనిని వంటచెరకునకు ఇచ్చివేసి క్రొత్తది కొందము” అని నాన్నగారనిరి. అమ్మ మారుపలుకక డబ్బాలను ఒక్కొక్కటిగా క్రిందికి దించసాగెను. ఆమె మౌనమును చూడలేక నేను చేవెళ్లకు పోయి ఒక వృద్ధ వడ్రంగిని పిలుచుకొని వచ్చితిని.

ఆయన ఉలిమొనతో కొయ్యను అచ్చటచ్చట పొడిచి చూచెను. మొన దిగినచోట కుళ్లు, దిగనిచోట చేవ. పిదప గోడను తడిమి, మిద్దె యెక్కి చూచి వచ్చెను.

“బిడ్డా! పలక మార్చుట ఒక పూట పని. నీరెక్కడినుండి వచ్చుచున్నదో చూడక మార్చినచో, వచ్చే యేడు నన్ను మరల పిలువవలసి వచ్చును” అనెను.

మిద్దెతూము పగిలి వాననీరు గోడలోనికి ఇంకుచుండెను. క్రింద గిన్నెలలోని నీటిని, వత్తి నూనెను పీల్చినట్లు, కాళ్ల నిలువుపోగులు పైకి పీల్చుచుండెను. నిజమునకు కొయ్యను కుళ్లజేయునది నీరు కాదు, తడిలో పెరుగు బూజు. కొయ్యలోని తేమ దాని ఎండు బరువులో నూటికి 20 వంతులకు లోబడియున్నచో ఆ బూజు పెరుగజాలదు.

కావున ముందుగా తూమును బాగుచేయించితిమి. అలమారను గాలియాడు నీడలో పది దినములు ఆరనిచ్చితిమి. ఎండలో పెట్టిన పలకలు వంకరపోవును. పిదప వడ్రంగి మెత్తబడిన కాలిని చేవ తగులువరకు కోసి, క్రొత్త టేకుముక్కను అతికెను. అడుగుపలకను మార్చి, తలుపు అంచును చిత్రికపట్టి, అవిసెనూనె పూసెను. ప్రతి గిన్నె నడుమ ఒక రాతిముక్క నుంచి, దానిపై కాలిని నిలిపెను. చీమకు నీరు అడ్డు, కొయ్యకు నీరంటదు.

ఆయన మాట మా ప్రాంతమునకు క్రొత్తది కాదు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదును ముంచినది. వేలకొలది జనులు మరణించిరి. కూలిన ఇండ్లను కట్టుకొనుటతోనే నగరము సరిపెట్టుకొనలేదు. నీరు వచ్చు త్రోవను వెదకినది. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సూచనల మేరకు వరదను ఎగువననే ఆపుటకు మూసీపై ఉస్మాన్ సాగర్ 1920లోను, ఈసీపై హిమాయత్ సాగర్ 1927లోను పూర్తియైనవి. ఆ రెండు జలాశయముల నడుమనే మా ఊరున్నది.

ఇప్పుడు తొలకరి మబ్బు కనబడగానే నాన్నగారు ఎవరును చెప్పకయే మిద్దె యెక్కి, తూములోని ఎండుటాకులను తీసివేయుచున్నారు.